ముందు చక్రం పట్టేసిన రోజు

ఆమె ఇళ్ళకు వెళ్ళి రోగుల చేత వ్యాయామాలు చేయించే ఫిజియోథెరపిస్టు. ఆ ఉదయం స్కూటరు బాగానే బయల్దేరింది. రెండు కిలోమీటర్లు దాటేసరికి ఎవరో వెనక నుంచి పట్టుకు లాగుతున్నట్టు బరువెక్కింది. ఆగి చూస్తే ముందు చక్రం దగ్గర కమురు వాసన, డిస్కు నుంచి సెగ. తోస్తే బండి అంగుళం కదల్లేదు.

పది గంటలకు ఒక టీచరమ్మ ఎదురుచూస్తూ ఉంటుంది. తుంటి ఎముక విరిగి రెండు నెలలుగా మంచాన ఉన్న మనిషి. ఆ రోజే మొదటిసారి లేచి నిలబడాలి.

పక్క వీధిలో బట్టల ఫ్యాక్టరీ ఉంది. అందులో కుట్టుమిషన్లు బాగుచేసేది భర్త అక్కే. కానీ వదినతో మాటల్లేక మూడు నెలలైంది. "మా ఇంటి సంగతులు మేం చూసుకుంటాంలెండి" అని ఒకనాడు తనే నోరు జారింది. ఆ తర్వాత వదిన మళ్ళీ గడప తొక్కలేదు. ఫోను చేతిలో పట్టుకుని కాసేపు తటపటాయించి, చివరికి చేసింది.

ఐదు నిమిషాల్లో వదిన పానాల సంచితో వచ్చేసింది. నిష్ఠూరం ఆడలేదు. చక్రం పక్కన గొంతుక్కూర్చుని, బ్రేకు మీద ఉన్న చిన్న నట్టుకు గుడ్డ అడ్డం పెట్టి కొద్దిగా వదులు చేసింది. ఆయిలు చివ్వున చిమ్మింది. చక్రం గిర్రున తిరిగింది.

"జబ్బు కింద లేదు, పైనుంది. హ్యాండిలు మీది ఈ బ్రేకు లివరు కొత్తదా?"

"అవును వదినా. పోయిన వారం బండి పడి పాతది విరిగింది. మీ తమ్ముడే బిగించారు."

"వాడా!" వదినకు నవ్వాగలేదు. "గడియారం బాగుచేసి మూడు మరలు మిగిల్చిన ఘనుడు! ఇదిగో, లివరుకి కాస్తయినా సందు లేదు. ఎప్పుడూ నొక్కినట్టే ఉంది. వేడికి ఆయిలు ఉబ్బుతోంది, వెనక్కి పోయే దారి లేదు. పట్టేయక ఏం చేస్తుంది?"

స్క్రూ తిప్పి వడ్ల గింజంత సందు ఇచ్చింది. నట్టు బిగించి, పక్క దుకాణం నుంచి తెప్పించిన బ్రేకు ఆయిలు తగ్గినంతా పోసి, డిస్కు చల్లారాక కడిగి తుడిచింది. వీధిలో రెండు చుట్లు తిప్పించి, బ్రేకు వేయించి చూసింది.

"ప్యాడ్లు కమిలుంటాయి, సాయంత్రం మారుద్దాం. అప్పటిదాకా మెల్లగా పో."

"వదినా, ఆ రోజు నేనలా అని ఉండకూడదు..."

"ముందు నీ పేషెంటు సంగతి చూడు తల్లీ."

గంట ఆలస్యమైనా టీచరమ్మ ఏమీ అనలేదు. ఎదురుగా నిలబడ్డ ఆమె భుజాలు గట్టిగా పట్టుకుని, పళ్ళు బిగించి లేచింది. ఇరవై అంకెలు లెక్కపెట్టేదాకా నిలబడింది. ఇద్దరికీ కళ్ళు చెమర్చాయి.

సాయంత్రం ఆమె తిన్నగా వదిన ఇంటికే వెళ్ళింది.

"వదినా, పొద్దున మీరు రాకపోతే ఆవిడ ఇవాళ మంచం దిగేది కాదు. ఆ మాట చెప్పడానికే వచ్చాను. మీ మేలు మరిచిపోను."

వదిన కుర్చీ మీది బట్టలు తీసి పక్కన పెట్టి, "కూర్చో, ఆవిడ ఎలా నిలబడిందో మొదటినుంచీ చెప్పు" అంది.