గులకరాళ్ళ గురువుగారు

మా ఆయనకి నొప్పి అంటే ఏమిటో తెలియదు. ఇది నేను వేస్తున్న నింద కాదు, ఆయన తన గురించి తాను ఊరంతా చాటుకున్న గొప్ప. బడిలో పిల్లల చేత డ్రిల్లు చేయించి రిటైరైన మనిషి. ఈల వెయ్యడానికి పిల్లలు లేకుండా పోయేసరికి కొన్నాళ్ళు నా మీద వేశారు. నేను పలకలేదు. ఆ తరవాత ఆయనకి పార్కు దొరికింది.

మా వీధి చివరి పార్కులో ఒక పక్కన గులకరాళ్ళు పరిచిన బాట ఉంది. సిమెంటులో సగం పాతిన రాళ్ళు, సగం పైకి పొడుచుకుని ఉంటాయి. చెప్పులు విప్పి దాని మీద నడిస్తే ఒంట్లో రోగాలన్నీ అరికాళ్ళ గుండా దిగిపోతాయని అక్కడి వాళ్ళ నమ్మకం. పొద్దున్నే చేరే పెద్దమనుషులంతా చేతులు రెక్కల్లా చాపి, "అబ్బా, అమ్మా" అంటూ గెంతుకుంటూ నడుస్తారు. మా ఆయన మొదటి రోజే చేతులు వెనక్కి కట్టుకుని, తివాచీ మీద నడిచినట్టు ఆ చివరిదాకా నడిచేశారు. మొహంలో ఒక్క గీత కదల్లేదు. ఇంకేముంది, అందరూ ఆయన చుట్టూ మూగారు. వారం తిరక్కుండానే మా ఆయన గురువుగారైపోయారు.

ఆ పార్కులో పెద్దరికానికి కొలత ఒక్కటే. రాళ్ళ మీద ఎవరి మొహం వంకర పోకుండా ఉంటుందో వాళ్ళే గొప్ప. చదువు, వయసు, బుర్ర, ఏదీ లెక్కలోకి రాదు. మా ఆయన తరవాతి స్థానం కోసం పచ్చటోపీ అనే ఒకాయన నానా తంటాలు పడేవాడు. కొట్టు కొడుక్కి అప్పగించేసి తీరిగ్గా ఉన్న మనిషి. నెత్తి మీద ఆకుపచ్చ టోపీ లేకుండా ఆయన్ని ఎవరూ చూడలేదు. మా ఆయనలాగే ఆయనకీ ఎప్పటినుంచో షుగరు. మా ఆయనలాగే ఆయనా గుర్తొచ్చిన రోజు మాత్ర వేసుకుని, గుర్తురాని రోజు రాళ్ళెక్కేవాడు.

గురువన్నాక వైద్యం చెయ్యకుండా ఎలా? ఈయన దగ్గర మందు ఒకటే. బొటనవేలి పక్క ఎముక ఉబ్బి ఏ చెప్పూ పట్టని ఆవిడకి గులకరాళ్ళు. ఆనెకాయలున్నాయన్నవాడికి గులకరాళ్ళు. గోరు కండలోకి దిగి చీము పట్టినవాడికి కూడా గులకరాళ్ళే. మా తమ్ముడు మెట్లు దిగుతూ చీలమండ మడతపడి మా ఇంట్లో కూలబడితే, ఐసు తెస్తున్న నన్ను పక్కకి తప్పించి, "బెణుకంటే ఇంత బెదురేంట్రా? లే, నడువు" అని గదంతా నడిపించారు. వాడు "బావా, ప్రాణం పోతోంది" అని అరుస్తుంటే, "అదిగో, దారిలో పడుతోంది" అన్నారు. సాయంత్రానికి కాలు సొరకాయంత అయింది. ఎక్స్‌రే తీస్తే ఎముక చిట్లి ఉంది. అడుగు వెయ్యలేని కాలిని ఎవరు నడిపించారని అక్కడి డాక్టరు గదిమితే, పాపం వాడు బావ పరువు కాపాడటానికి "నేనే నడిచాను" అన్నాడు. అప్పట్నుంచీ మా ఇంటికొస్తే కాళ్ళు కుర్చీ కిందకి ముడుచుకునే కూర్చుంటాడు.

ఇక నా మడమ. నేను కుట్టుపని షాపులో బట్ట కత్తిరిస్తాను. ఎత్తు బల్ల, కింద గట్టి పలకల నేల, పొద్దున్నుంచీ సాయంత్రం దాకా నిలబడే పని. ఆ మధ్య మంచం దిగి మొదటి అడుగు వేస్తే చాలు, మడమలో మేకు దిగినట్టుండేది. నడవగా నడవగా కాస్త తగ్గేది. కూర్చుని లేస్తే మళ్ళీ మామూలే. గోడ పట్టుకుని వంటింట్లోకి వెళ్తుంటే మా ఆయనకి నవ్వులాటగా ఉండేది.

"ఏమిటే ఆ కుంటడం? పార్కుకి రా, లేడిపిల్లలా పరిగెత్తిస్తా."

"వచ్చాను కదండీ. రెండో మడమ కూడా పట్టేసింది."

"మీ పుట్టింటి వాళ్ళకే ఓర్పు లేదు. వాడూ అంతే, నువ్వూ అంతే. నన్ను చూసి నేర్చుకో."

చూశాను. అరికాలి మంట నెత్తికెక్కింది. దేన్నైనా ఓర్చుకోవచ్చు గానీ, మన నొప్పిని తన గొప్పకి మెట్టుగా వాడుకునే మనిషిని ఓర్చుకోవడం మాత్రం కష్టం.

ఆ రోజుల్లోనే ముందుగది నేల మీద గోధుమరంగు మరకలు కనపడసాగాయి. గుమ్మం దగ్గర్నుంచి ఆయన కుర్చీ దాకా చుక్కలు చుక్కలుగా. ఏమిటండీ ఇవి అంటే, "పార్కులో పళ్ళు రాలుతున్నాయి, తొక్కి ఉంటాను" అన్నారు. తడిగుడ్డ పెట్టి తుడిచేశాను.

షాపులో నా పక్క బల్ల అమ్మాయి పోరు పడలేక చివరికి పాదాల డాక్టరమ్మ దగ్గరికి బయల్దేరాను. ఆయన ఒంటికాలి మీద లేచారు. "గురువుగారి భార్య డాక్టరు దగ్గరికి వెళ్ళిందంటే పార్కులో నా మొహం ఎక్కడ పెట్టుకోను?" అన్నారు. పార్కులో మీ మొహం ఎవరూ చూడట్లేదు, కాళ్ళే చూస్తున్నారన్నాను. చివరికి ఆ డాక్టరమ్మకి నాలుగు ముక్కలు చెప్పి వద్దామని ఆయనా బూట్లు తొడుక్కుని వెంట వచ్చారు.

డాక్టరమ్మ నన్ను ఎత్తు బల్ల మీద కూర్చోబెట్టి మడమ లోపలి అంచున బొటనవేలితో నొక్కింది. నేను కెవ్వుమన్నాను. మూల కుర్చీలో మా ఆయన "చూశారా" అన్నట్టు నవ్వారు.

"అరికాలి కింద మడమ నుంచి వేళ్ళ దాకా ఒక పట్టీ ఉంటుందమ్మా," అంది ఆవిడ. "గట్టినేల మీద నిలబడీ నిలబడీ అది దెబ్బతింది. మంచం దిగకముందే కాలివేళ్ళు వెనక్కి లాగి పట్టుకోండి. గోడకి చేతులానించి పిక్కలు సాగదియ్యండి. నీళ్ళ సీసా గడ్డకట్టించి పాదం కింద దొర్లించండి. నెలలు పడుతుంది కానీ తగ్గుతుంది. ఇంట్లో కూడా మెత్తటి చెప్పులు వేసుకోండి. ఉత్తకాళ్ళతో మాత్రం నడవొద్దు."

ఆ చివరి మాటకి మా ఆయన లేచి నిలబడ్డారు.

"ఉత్తకాళ్ళతో నడవొద్దా? నేను రోజూ రాళ్ళ మీద నడుస్తానండీ. చీమ కుట్టినట్టు కూడా ఉండదు. ముందు నా పాదాలు చూసి ఆ తరవాత మాట్లాడండి."

"చూస్తాను, రండి," అంది ఆవిడ. "షుగరుందా?"

"ఉంటే ఉంది. దాన్నీ నడిపిస్తున్నాను."

నన్ను దింపి, మేజోళ్ళు లాగి పారేసి, ఆయన బల్లెక్కి దర్జాగా కాళ్ళు చాపారు. గదిలోకి ఒక రకం వాసన వచ్చింది. డాక్టరమ్మ ఆయన అరికాళ్ళ వైపు కాసేపు చూసింది. సొరుగులోంచి పెన్ను లాంటిదొకటి తీసింది. దాని కొసన సన్నటి నైలాను దారం నిక్కబొడుచుకుని ఉంది.

"కళ్ళు మూసుకోండి. ఈ దారం తాకినప్పుడల్లా 'ఆఁ' అనండి."

"ఇంతేనా?" అని కళ్ళు మూసుకున్నారు ఆయన.

నేను పక్కనే నిలబడి చూస్తున్నాను. దారం ఆయన బొటనవేలి మీద ఆనింది, వంగింది. ఆయన పలకలేదు. వేళ్ళ మొదట్లో ఆనింది. పలకలేదు. పాదం నడుమ, మడమ పక్కన, మళ్ళీ వేలు. ఆయన పెదాల మీద చిరునవ్వు అలాగే ఉంది. డాక్టరమ్మ ఒక పాదం ముగించి రెండోదానికి వచ్చింది.

"మొదలుపెట్టండి డాక్టరమ్మా," అన్నారు మా ఆయన. "నేను సిద్ధమే."

నాకు ముందు నవ్వొచ్చింది. ఏదో బింకం పోతున్నారనుకున్నాను. ఆవిడ మొహం చూశాక నవ్వు ఆగిపోయింది. నన్ను ఇటు రమ్మని సైగ చేసింది. వెళ్ళి చూశాను. కుడి బొటనవేలి మొదట్లో కాయకట్టిన చర్మం, దాని నడుమ ఒక గుంట, చుట్టూ తడి. ఆవిడ పటకారు పెట్టి గుంటలోంచి ఒక గాజుపెంకు బయటికి లాగింది. ఏ సీసాదో, బఠాణీగింజంత ఉంది.

"ఇది ఎన్నాళ్ళ నుంచి ఉందండీ?"

"ఏది?" అన్నారు ఆయన, కళ్ళు తెరవకుండానే.

నేను తడిగుడ్డతో తుడిచింది పళ్ళ రసం కాదని అప్పుడు తెలిసింది.

కళ్ళు తెరిపించి ఆ పెంకు ఆయన అరచేతిలో పెట్టి డాక్టరమ్మ దాపరికం లేకుండా చెప్పింది. "ఇది ఓర్పు కాదండీ. షుగరు మీ పాదాల నరాల్ని తినేసింది. నొప్పి చెప్పే నరమే లేకపోతే నొప్పి ఎక్కడిది?" ఎక్స్‌రే తీయించింది. చీము ఇంకా ఎముక దాకా పోలేదు. చచ్చిన చర్మం చెక్కి, కట్టు కట్టి, మాత్రలు రాసి, మోకాలి దాకా వచ్చే గట్టి బూటు ఒకటి తొడిగింది. పుండు మానేదాకా ఆ పాదం మీద బరువు పడకూడదంది. మళ్ళీ రాళ్ళెక్కితే ముందు వేలు పోతుంది, తరవాత పాదం పోతుందంది.

ఇంటికొచ్చాక నాకు భయమేసింది. కోపమూ వచ్చింది. రెండూ ఒకేసారి వస్తే పట్టుకుని ఏడవాలో, తిట్టాలో తెలియదు. అలవాటున్న పని కాబట్టి తిట్టాను. ఆయన అన్నీ విని, ఆఖర్న ఒకటే మాటన్నారు.

"పార్కులో ఈ సంగతి చెప్పకే. మెట్ల మీద జారానని చెబుదాం."

కాలు పోయేలా ఉందంటే బెదరని మనిషి, గురుత్వం పోయేలా ఉందంటే కాళ్ళబేరానికి వచ్చారు. ఛీ అనిపించింది.

పార్కు వాళ్ళు సంఘం పెట్టి ఏడాదైందని ఒక ఆదివారం వేడుక పెట్టుకున్నారు. గురువుగారు లేకుండా ఎలా అని ఫోన్ల మీద ఫోన్లు. అద్దెకి తెచ్చిన చక్రాల కుర్చీలోంచి లేవనని ఒట్టు పెట్టి ఆయన బయల్దేరారు. ఆ కుర్చీ నెట్టడానికి మా తమ్ముడు పరిగెత్తుకొచ్చాడు. ఇంత హుషారుగా వాడు మా ఇంటికి రావడం నేనెప్పుడూ చూడలేదు.

"దీనికే ఇంత బెదురేంటి బావా? లేవండి, నడవండి," అన్నాడు కుర్చీ గడప దాటిస్తూ.

మా ఆయన పళ్ళు నూరారు. ఈ దెబ్బ మాత్రం బాగానే తెలిసింది.

పార్కులో అందరూ లేచి చప్పట్లు కొట్టారు. ఆయన మొహం మళ్ళీ వెలిగింది. "మెట్ల మీద జారానండీ. డాక్టర్లేమో ఇంత దెబ్బకి మనిషి అల్లాడిపోవాలంటున్నారు. నాకైతే ఏమీ తెలియట్లేదు" అన్నారు. చప్పట్లు రెట్టింపయ్యాయి. ఆ మనిషి తన రోగాన్నే బిరుదులా మెళ్ళో వేసుకుని ఊరేగుతుంటే నేను నోరు నొక్కుకుని నిలబడ్డాను.

"ఇవాళ గురువుగారి బదులు నేను నడుస్తాను," అంటూ పచ్చటోపీ ముందుకొచ్చాడు. చెప్పులు విప్పి రాళ్ళెక్కాడు. ఎండకి రాళ్ళు కాలుతున్నాయి. ఆ మధ్య దాకా అడుగడుక్కీ మొహం చిట్లించిన మనిషి, చేతులు వెనక్కి కట్టుకుని, తాపీగా, తివాచీ మీద నడిచినట్టు నడుచుకుపోయాడు. మొహంలో ఒక్క గీత కదల్లేదు. జనం ఈలలు వేశారు. గురువుని మించిపోయావంటూ అరిచారు.

మా ఆయన కూడా చప్పట్లు కొడుతున్నారు. కొడుతూ కొడుతూ ఆయన చేతులు ఆగిపోయాయి. చూపు ఆ పాదాల మీదే ఉండిపోయింది.

"టోపీ, ఇలా రావయ్యా. ఆ బల్ల మీద కూర్చో. కాళ్ళు నా ఒళ్ళో పెట్టు."

"అయ్యో, మీ ఒళ్ళోనా గురువుగారూ..."

"పెట్టు."

కుర్చీ పక్కన మొలిచిన గడ్డిలోంచి గట్టి పుల్ల ఒకటి తెంపి ఇమ్మని నన్నడిగారు. ఇచ్చాను.

"కళ్ళు మూసుకో. ఇది తాకినప్పుడల్లా చెప్పు."

పచ్చటోపీ కళ్ళు మూసుకున్నాడు. కొత్త పరీక్ష ఏదో పెడుతున్నారని జనం దగ్గరికి జరిగారు. గడ్డిపుల్ల బొటనవేలి మీద ఆనింది, వంగింది. వేళ్ళ మొదట్లో ఆనింది. పాదం నడుమ గీసుకుంటూ పోయింది. "చూస్తుంటేనే నాకు చక్కిలిగింతలు పుడుతున్నాయి" అంది వేలి ఎముక ఉబ్బినావిడ. ఎవరో నవ్వారు. మడమ, మళ్ళీ వేలు. తరవాత రెండో పాదం. నవ్వినవాళ్ళు నవ్వడం మానేశారు. పచ్చటోపీ పెదాల మీద చిరునవ్వు మాత్రం అలాగే ఉంది.

"మొదలుపెట్టండి గురువుగారూ," అన్నాడు. "నేను సిద్ధమే."

మా ఆయన పుల్ల కింద పడేశారు.

"అయిపోయిందయ్యా," అన్నారు. "నేను మెట్ల మీద జారలేదు. కళ్ళు తెరిచి చెప్పులేసుకో."