రంగు తగ్గే వేగం

గాజు గొట్టం కొసన వేలాడుతున్న చుక్క రాలేదాకా యోబు ఊపిరి బిగబట్టాడు. చుక్క పడింది. గాజు కుప్పెలో గంజి, అయోడిన్ కలిసి తెచ్చిన నీలం విరిగి నీళ్లు తేటపడ్డాయి. అయోడిన్ మరకలతో గోధుమరంగుకు తిరిగిన వేళ్లను పంచెకు తుడుచుకున్నాడు. ఆ పంచెకు ఆమ్లం చేసిన చిల్లులు చాలానే ఉన్నాయి.

మార్కాపురం మిషన్ బడిలో అతను సైన్సు మాస్టరు. బడి విడిచాక రోజూ ఇదే పని. ఆమ్లం కలిపిన అసిటోనులో అయోడిన్ వేస్తే దాని రంగు మెల్లగా పోతుంది. అయోడిన్ రెట్టింపు వేసినా ఆ వేగం పెరగదు. ఎందుకో తేల్చాలని మద్రాసు కాలేజీ ప్రయోగశాలలో పనిచేసే రోజుల్లోనే పట్టుబట్టాడు. ఇంతలో భార్య హన్నాకు ఊపిరితిత్తుల జబ్బు తగిలింది. సముద్రపు గాలి పడదని డాక్టరు అంటే ఉద్యోగం వదిలి వచ్చేశాడు. పలకల గనుల దుమ్ము రాని వీధి వెతికి ఇల్లు తీసుకున్నాడు. ఆ ప్రయోగశాల పొడవాటి బల్లలు, కొళాయి నీళ్ల చప్పుడు ఇంకా కలలోకి వస్తాయి. ఇంట్లో మాత్రం మద్రాసు మాట ఎత్తడు.

ఆ సాయంత్రం నల్లబల్ల మీద చర్యను మెట్లుగా విడదీశాడు. ముందు ఆమ్లం అసిటోనును నిదానంగా మారుస్తుంది. మారినదాన్ని అయోడిన్ వెంటనే పట్టేస్తుంది. మధ్యలో పుట్టిన పదార్థం పుట్టినంత వేగంగానే ఖర్చయిపోతుందనుకుని సమీకరణం కట్టాడు. లవంలోనూ హారంలోనూ ఉన్న అయోడిన్ కొట్టుకుపోయింది. వేగం లెక్కలో అసిటోను, ఆమ్లం మాత్రమే మిగిలాయి. చేతిలో సుద్ద విరిగింది.

ఇంటికి పరుగులాంటి నడకతో వెళ్లి, దిండుకు ఆనుకుని కూర్చున్న హన్నాకు అంతా చెప్పాడు.

“అట్లయితే ముందు మెట్టు తెమిలిందాకా అయోడిను కాచుకోనుంటదా?” అని అడిగింది ఆమె.

“అంతే.”

హన్నా నవ్వి, దగ్గు ఆపుకుంది. “మద్రాసు పోయి మీ కాలేజీ దొరకు చెప్పుకోయ్యా. నాకోసరం ఆగిపోయినావని నాకు తెలీదా?”

అతను జారిన దుప్పటి ఆమె మీదికి లాగాడు. “నువ్వు లేకుండా నేను యాడికి పోయేది? నీకు నెమ్మదించినాక ఇద్దరం పోదాం” అన్నాడు.

ఆమె తల ఊపింది. అతను జావ వెచ్చబెట్టడానికి పొయ్యి దగ్గరికి వెళ్లాడు. తిరిగి వచ్చేసరికి ఆమె పక్కకు ఒరిగి ఉంది. పిలిచాడు. చెయ్యి పట్టుకున్నాడు, నాడి అందలేదు. వెలుతురు తగ్గేదాకా ఆ చెయ్యి వదలలేదు.

పొరుగింటి ప్రేమకుమారి వచ్చి దిండు తీయబోతే కిందనుంచి ఒక గుడ్డసంచి బయటపడింది. ఇద్దరి బట్టలూ పట్టేంత పెద్దది. పట్టుకునే చెవుల్లో ఒకటి కుట్టడం అయింది. రెండో చెవి సగంలో ఉంది, సూది దారంతో సహా గుచ్చి.