స్క్రీన్ నిండిన రోజు

కోపం వస్తే నాకు ముందూ వెనకా కనిపించదు. ఈ సంగతి మా ఆయన వీరేశానికి పెళ్లయిన వారంలోనే తెలిసింది. సూర్యాపేటలో మా డీటీపీ షాపు చుట్టుపక్కల వాళ్లకు మాత్రం 2008లో తెలిసింది.

ఆ ఏడాది నిండు పెళ్లిళ్ల సీజనులో ఆయన మా షాపు కంప్యూటరులో విండోస్ లాంటిదే లైనక్స్ అనే ఇంకో సిస్టమ్ ఎక్కించబోయి నా విండోస్‌ను తుడిచేశాడు. దాంతోపాటు నలభై పెళ్లికార్డులు గల్లంతయ్యాయి. మోతె బడిలో లెక్కలు చెప్పుకునే మనిషికి ఆ పిచ్చి ఎందుకు పట్టిందో దేవుడికే తెలియాలి. వచ్చిన ప్రతి గిరాకీకీ ఆ కథ చెప్పాను. రెండేళ్లు ఆయన్ని మౌసు ముట్టుకోనివ్వలేదు.

2010లో మళ్లీ మొదలుపెట్టాడు.

“నీ విండోస్ జోలికి పోను రజనీ. అది నడుస్తుంటెనే దాంట్ల ఒక డబ్బా లెక్క లైనక్స్ నడుస్తది. లోపలిది పాడైనా బయటిదానికేం కాదు.”

“కంప్యూటర్ల ఇంకో కంప్యూటరా?”

“గంతే!”

నమ్మలేదు కానీ, అంతగా బతిమాలుతుంటే జాలేసింది. ఆదివారాలు నేను అన్నం తినే అరగంట ఇచ్చాను. మొదట్లో నల్ల తెర మీద తెల్ల అక్షరాలే వచ్చేవి. నెల రోజులు తిప్పలు పడ్డాక బొమ్మలూ మెనూలూ వచ్చాయి, అవీ స్క్రీన్ మధ్యలో పోస్టుకార్డంత చోటులో. దాన్ని చూసుకొని ఆయన మురిసిపోతుంటే నాకు నవ్వొచ్చేది.

ఒక ఆదివారం త్రిపురారం అనసూయమ్మ కూతురు అక్షిత పెళ్లికార్డు టైపు చేశాను. నాలుగింటికి ఆమె ప్రూఫ్ చూసుకుంటే, సాయంత్రానికి అది కోదాడ ప్రెస్సుకు పోవాలి. మూడింటికి టైపు ముగించి అన్నానికి లేచాను. చెయ్యి కడుక్కొని వచ్చేసరికి నా పేజీ లేదు. స్క్రీన్ నిండా నీలం రంగు, నా విండోస్‌ది కాని మెనూ. ఆయన చేతులు కట్టుకొని నవ్వుతున్నాడు.

“సూడు రజనీ, ఫుల్ స్క్రీన్ వచ్చింది!”

“మళ్ల తుడిసినవా! నా బతుకు ఆగం జేసినవ్ గదయ్యా!”

“జర ఆగు” అంటూ కీబోర్డు మీదికి చెయ్యి చాచాడు. నేను ఆగలేదు. వంగి యూపీఎస్ బటన్ నొక్కేశాను.

మళ్లీ ఆన్ చేస్తే నా విండోస్ ఎప్పటిలాగే వచ్చింది. పాత కార్డులన్నీ ఉన్నాయి. అక్షిత కార్డు ఒక్కటే లేదు. నేను దాన్ని సేవ్ చేయలేదు.

“నీ పేజీ ఎనకనే ఉండె. ఒక్క కీ కొడితే వస్తుండె” అన్నాడు మెల్లగా.

అంతకుమించి ఒక్క మాట దెప్పలేదు. అనసూయమ్మ రాసిచ్చిన కాగితం తీసుకొని పేర్లు చదవసాగాడు. నేను టైపు చేయసాగాను. సగం కాకముందే ఆమె రానే వచ్చింది.

“ఇంకా గాలేదా? మళ్ల సారే చెడగొట్టిండా ఏంది?”

ఆయన తల వంచుకొని, “తప్పయిందమ్మా, గంటల ఇస్తం” అన్నాడు.

నేను నోరు మూసుకుంటే అక్కడితో అయిపోయేది. ఆమె అలా అనుకుందంటే అది రెండేళ్లుగా నేను ఊరంతా చేసిన ప్రచారం పుణ్యమే. నాకు తల కొట్టేసినట్టయింది.

“సారు కాదు అనసూయమ్మా. ఆయనదేం తప్పు లేదు. సేవ్ చెయ్యకుంట బంద్ చేసింది నేనే.”

ఆయన చదవడం ఆపి నా వంక చూశాడు. అనసూయమ్మ స్టూలు లాక్కొని కూర్చుంది.

“అయితే ఏంది, గీడనే కూసుంట. మా ఆడబిడ్డ పేరు జర పైకి పెట్టాలె మరి” అంది.

గంటలో కార్డు తయారైంది. ఆమె వెళ్లిపోయాక నేను కుర్చీలోంచి లేచి ఆయన్ని కూర్చోబెట్టాను.

“ఇందాక ఏదో సూపిస్తుంటివి గద. నింపాదిగ సూపియ్యి, ఈసారి మొత్తం సూస్త.”