సలోమికి వేసిన ఒట్టు

మందులిచ్చే కిటికీ ముందు క్యూ పొగాకు కాల్చే బ్యారన్ కొట్టం లోపలి నుంచి మొదలవుతోంది. దీనమ్మకు అది వింతగా లేదు. మందులు బ్యారన్‌లోనే కదా ఇచ్చేది అనుకుంటూ, చేతిలో చీటీ పట్టుకుని, అడ్డం వచ్చినవాళ్ళను తోసుకుంటూ పోతోంది, ఎంత పోయినా కిటికీ రావడం లేదు, పైగా కాళ్ళ కింద నేల బస్సులోలాగా అదురుతోంది. రెండు పక్కలా ఎండాకు గుట్టలు. ఆ గుట్టల మధ్య చతికిలబడి ఆకు ఏరుతోంది సలోమి, మంచి ఆకు ఇటు, మచ్చల ఆకు అటు. ఆమె పోయి రెండేళ్ళయింది. చేతులు మాత్రం ఇప్పటికీ ఆగడం లేదు.

"రా దీనక్కా, కూసో" అంటోంది సలోమి, నిన్న సాయంత్రమే విడిపోయినట్టు.

"కూసునే తీరికుంటే నీకాడికి ఎందుకొస్తానే" అంటుంది దీనమ్మ.

ఆమెకు కలలో కూడా డ్యూటీ తప్పదు. పదకొండేళ్ళుగా ఏడు ఊళ్ళు తిరుగుతోంది. హెచ్ఐవి ఉన్నవాళ్ళ ఇళ్ళకు పోయి, మాత్రలు వేసుకుంటున్నారో లేదో చూసి, వేసుకోనివాళ్ళను బతిమాలి, తిట్టి, బస్సెక్కించి పెద్దాసుపత్రికి తీసుకుపోవడం ఆమె పని. ఎందుకొచ్చిందో పక్కింటివాళ్ళకు తెలియకూడదు గనక అమ్మకానికన్నట్టు చంకలో జాకెట్ ముక్కల సంచి ఒకటి. ఆ జబ్బు తనకూ ఉంది. సలోమికి మొదటి మాత్ర తన చేత్తోనే మింగించింది, కానీ అప్పటికే ఆలస్యమైంది, టీబీ కూడా పట్టింది. సొంత చెల్లెలు పోయినా దీనమ్మ అంత ఏడ్చేది కాదు.

"నా కెజియా ఎట్టుంది?" అని అడుగుతుంది సలోమి.

"బంగారంలాగుంది. మందులు మానేసింది."

ఆకు ఏరే చేతులు ఆగుతాయి.

పుట్టుకతోనే జబ్బున్న సలోమి కూతురికి, "నీకు రక్తం తక్కువ, ఈ మాత్రలు వేసుకుంటే పడుతుంది" అని ఇద్దరూ కలిసే చెప్పారు. పిల్ల నమ్మి, రోజూ బుద్ధిగా వేసుకుంది. ఇప్పుడు తొమ్మిదో తరగతి. బడికి డాక్టర్లు వచ్చి అందరి వేళ్ళూ గుచ్చి చూసి, "నీకు రక్తం పన్నెండు పాయింట్లుందమ్మా, ఏ లోటూ లేదు" అన్నారు. పిల్ల ఇంటికొచ్చి అమ్మమ్మ ముందు గంతులేసి, మాత్రల డబ్బా దూలం మీదికి తోసేసింది. రక్తం పట్టాక మాత్రలెందుకు? అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు, వీళ్ళది మరీ అతికింది.

"నెలా పదిరోజులయింది" అంటుంది దీనమ్మ. "వారం నుంచి సాయంత్రానికి ఒళ్ళు ఎచ్చబడతా ఉంది. నీకూ అట్టనే గదే మొదలైంది. నన్ను చెప్పనియ్యి దానికి."

"పది పాసయ్యేదాకా చెప్పనని నా చేతిలో చెయ్యేశావు."

"పది పాసవ్వాలంటే ముందు బతకాలి గదా."

సలోమి లేచి నడుస్తుంది. బ్యారన్ గోడలు ఎప్పుడు పోయాయో తెలియదు, అటూ ఇటూ మిరప చేలు, మధ్యలో సన్నటి గట్టు, ఆ గట్టు మీద సలోమి ముందు, దీనమ్మ వెనక, సంచిలోంచి జాకెట్ ముక్కలు ఒక్కొక్కటే జారిపోతున్నా ఏరుకోవడానికి ఆగకుండా, ఆయాసపడుతూ, ఎంత గబగబా నడిచినా ఇద్దరి మధ్య ఎడం తగ్గకుండా పోతున్నారు.

"ఒట్టు తీసి గట్టు మీద పెట్టమంటారు గదా, ఇదిగో గట్టు, ఈడ పెట్టవే" అని అరుస్తుంది దీనమ్మ.

సలోమి నవ్వి, ఆగి, ఇటు తిరుగుతుంది. నవ్వు ఎంతోసేపు నిలవదు.

"చెప్తే ఏమడుగుద్ది? ఎవరి నుంచి వచ్చిందని అడుగుద్ది గదక్కా. కడుపులో ఉండగానే నేనిచ్చా. ఆ మాట తెలిశాక నా మొహం చూసుద్దా? గోడకున్న ఫోటో అటు తిప్పి పెట్టుద్ది."

బతికుండగా సలోమి ఈ మాట ఒక్కనాడూ అనలేదు. దీనమ్మకు జాలీ కోపమూ ఒక్కసారే వస్తాయి, కోపమే ముందు నోట్లోకి వస్తుంది.

"నీ ఫోటో కోసం పిల్లను చంపుకుంటావా?"

అనేశాక తనకే ఏడుపొస్తుంది. సలోమి ముందుకొచ్చి ఆమె కుడిచెయ్యి పట్టుకుంటుంది, ఆ రోజు ఆసుపత్రి మంచం మీద పట్టుకున్నట్టే. దీనమ్మ లాక్కుంటుంది, రాదు. విదిలిస్తుంది, వదలదు.

"ఒదలవే. నేను చెప్తా. ఒట్టు తప్పినందుకు కళ్ళు పోతే పోనీ, ఏడూళ్ళూ తడుముకుంటా తిరుగుతా. ఒదులు."

"పెద్దమ్మా, పెద్దమ్మా" అంటోంది సలోమి. పెద్దమ్మ అంటుందేమిటి ఇది, అనుకునేసరికి మెలకువ వచ్చింది.

బస్సు పోతోంది. బయట పదిగంటల ఎండ. పక్క సీట్లో కెజియా రెండు చేతులతో తన కుడిచెయ్యి ఒడిసి పట్టుకుని ఉంది.

"నిద్దట్లో చెయ్యి ఇసిరేస్తన్నావు పెద్దమ్మా. ముందు సీటాయనకి తగిలిద్దని పట్టుకున్నా."

చెయ్యి తిమ్మిరెక్కింది. అయినా ఆ పిల్ల అరచేతుల వేడి తెలుస్తూనే ఉంది. సాయంత్రం వచ్చే వేడి పొద్దున్నే వచ్చేసింది. డాక్టరుగారు ఊరికే ఒకసారి చూస్తారంట అని మళ్ళీ ఇంకో అబద్ధం చెప్పి బస్సెక్కించిన సంగతి దీనమ్మకు గుర్తొచ్చి, తన మీద తనకే రోత పుట్టింది.

"ఇక్కడ దిగుదాం రా" అంది.

"ఆసుపత్రికి ఇంకా రెండు స్టాపులుంది గదా."

"నడుద్దాం."

దిగారు. ఇలాంటి మాటలు పిల్లలకు ఎలా చెప్పాలో, ముందు ఏది, తర్వాత ఏది అని దీనమ్మకు మూడు రోజులు ట్రైనింగ్ ఇచ్చారు. అందులో ఒక్క ముక్కా గుర్తు రాలేదు.

"నీకు రక్తం తక్కువనేది అబద్ధం. నీ ఒంట్లో ఉంది హెచ్ఐవి. నువ్వు కడుపులో ఉన్నప్పుడు మీ అమ్మ నుంచి వచ్చింది. నాకూ ఉంది. మాత్ర మానకపోబట్టే ఇట్టా తిరగతన్నా."

చాలాదూరం నడిచారు.

"అమ్మకి తెలుసా?"

"తెలుసు. నీకు చెప్పొద్దని ఒట్టేయించుకుంది. తెలిస్తే నువ్వు తన మొహం చూడవని బయపడింది."

పిల్ల ముక్కు ఎగబీల్చి, ఓణీతో కళ్ళు తుడుచుకుంది.

"నా మొహమే అమ్మ మొహమంటారు అందరూ" అంది. "అద్దంలో రోజూ చూస్తానే ఉన్నా."

దీనమ్మకు రోడ్డు కనపడలేదు.

"బిరబిరా నడువు పెద్దమ్మా" అంది కెజియా. "ఆసుపత్రికాడ చీటీలియ్యటం ఆపేస్తారు."