రెండో సూది

పశువులకు టీకాలు వేసీ వేసీ ఆయనకు సూదులాయన అనే పేరు స్థిరపడిపోయింది. తోడబుట్టిన అక్క కూడా అలాగే పిలుస్తుంది. ఆ ఉదయం ఐస్ పెట్టె భుజాన వేసుకుని ఆయన అక్క పశువుల కొట్టంలోకి వచ్చేసరికి, ఆమె ఏడు దూడలనూ ఒళ్లు తుడిచి, పెళ్లిచూపులకన్నట్టు వరసగా నిలబెట్టింది.

"రావయ్యా సూదులాయనా! నీ కోసం కళ్లు కాయలు కాశాయి."

నిరుటి దూడలన్నీ కడుపులో నట్టల పురుగులకే పోయాయి. ఏటా తాగించే మందు నీళ్లతో సమానమైపోయింది. కొత్త టీకా వస్తుందని విన్నప్పటి నుంచి ఆమె తమ్ముడి ప్రాణం తోడేస్తోంది.

ఆయన మొదటి దూడ కింది రెప్ప వంచి చూశాడు. ఎర్రగా ఉండాల్సిన చోట సున్నం కొట్టినట్టుంది. రెండోదీ అంతే. మూడోదానికి దవడ కింద నీరు దిగి సంచిలా వేలాడుతోంది. మొత్తంమీద రెండే కాస్త నయం.

"అక్కా, ఈ టీకా ఇకముందు చేరే నట్టల్ని ఆపుతుందేగానీ, లోపలున్నవాటిని ఏమీ చెయ్యదు. ఈ ఐదింటికీ వేసినా..."

"మరి ముందే తేవచ్చుగా?"

"మా ఆఫీసుకే నిన్న వచ్చింది."

ఆమె మొదటి దూడ మెడ పట్టుకుంది. "వేసెయ్. వెయ్యకపోతే వాటి మొహం ఎలా చూడను?"

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమేనని తెలిసీ ఆయన ఏడింటికీ వేశాడు. ఆమె ఒక్కోదాని మెడ కావలించుకుని, "అయిపోయింది తల్లీ, అయిపోయింది" అని నిమిరింది. వెళ్లేటప్పుడు తమ్ముడికి గ్లాసు నిండా మజ్జిగ ఇచ్చి, చాలా రోజుల తర్వాత నవ్వింది. ఆ నవ్వు చూశాక ఆయన సగం మజ్జిగ గ్లాసులోనే వదిలేశాడు.

రెండో సూదికి నాలుగు వారాల గడువు. ఆయన మళ్లీ వచ్చేసరికి ఐదు గుంజలు ఖాళీ. నయమనుకున్నవాటిలోనూ ఒకటి పోయింది. మిగిలిన రెండింట్లో ఒకటి నిలబడి ఉంది, ఇంకొకటి మెడ వాల్చి పడుకుంది.

"దీనికీ వేస్తావా?" అంది అక్క.

"వేస్తాను."

"బతుకుతుందా? నిజం చెప్పు."

"ఏమో అక్కా."

"ఏమో అంటే బతకదనే. చిన్నప్పటి నుంచీ నీకు అబద్ధం చెప్పడం చేతకాదు."

దింపుడు కళ్లం ఆశే. అయినా వేశాడు. సూది దిగినా దూడ చర్మం అదరలేదు. నిలబడ్డదానికీ వేసి చేతులు కడుక్కుని వచ్చేసరికి, అక్క పడుకున్నదాని మెడలో పలుపు విప్పుతోంది.

"ఇక దీన్ని కట్టెయ్యక్కర్లేదులే. హాయిగా పడుకోనీ."

ఆయన ఐస్ పెట్టె మూత వేసి, ఆమె పక్కనే నేలమీద కూర్చున్నాడు. ఇంకా తొమ్మిది కొట్టాలు తిరగాలి.