పల్లెత్తు మాట

ఇవాళ మా కోడలు ఇరవైమంది ఆడవాళ్ళ ముందు నిలబడి పని చేయిస్తోందంటే, ఆ విద్య నేర్పింది నేనే. కాదనేవాళ్ళుంటే నా ఎదుటికొచ్చి అనమనండి.

ఆమె పనిచేసేది పెద్దాసుపత్రి లాండ్రీలో. అక్కడ ఒక్కరోజు ఉతికే దుప్పట్లను ముడేసుకుంటూ పోతే చంద్రుడి దాకా వెళ్ళి, అక్కడ మంచం మీదొకటి పరిచి, దిండుకి కూడా చుట్టొచ్చు. వాటిలో ఆపరేషన్ గదికి వెళ్ళే దుప్పట్ల మడత వేరు. విసనకర్రలా ముందుకీ వెనక్కీ మడిచి, ఒక మూల బయటికి వదలాలి. నర్సు ఆ మూల పట్టి లాగితే, లోపలివైపు చెయ్యి తగలకుండా దుప్పటంతా రోగి మీద పరుచుకోవాలి. మూల అటుది ఇటయిందా, దుప్పటి తిరగబడుతుంది, చెయ్యి తగులుతుంది, మళ్ళీ ఉతుక్కి పోతుంది.

పదేళ్ళుగా ఆ మడతే మడిచిన మనిషని మా కోడల్ని సూపర్‌వైజర్ని చేశారు. మూడు నెలలు చూసి ఖాయం చేస్తామన్నారు. ఆ నెలలోనే కొత్తగా ఒకామె చేరింది. అందరూ పుర్రచెయ్యి అని పిలిచేవాళ్ళు, ఏ పనైనా ఎడమచేత్తోనే చేస్తుంది కాబట్టి. ఆమె మడిచిన ప్రతి దుప్పటికీ మూల తప్పు వైపే వచ్చేది.

ఆ మాట చెప్పడానికి మా కోడలికి నోరు రాలేదు. కొత్తమనిషి, ఇద్దరు పిల్లల తల్లి, చిన్నబుచ్చుకుంటుందేమో. పైగా నిన్నటిదాకా పక్కన నిలబడి మడిచిన మనిషి ఇవాళ తప్పులు పడితే, కుర్చీ ఎక్కగానే కళ్ళు నెత్తికెక్కాయనరూ? అందుకని మధ్యాహ్నం అందరూ తినడానికి వెళ్ళాక, ఒక్కతే ఆగిపోయి పుర్రచెయ్యి మడిచిన ముప్పై దుప్పట్లూ విప్పి మళ్ళీ మడిచేది. పొద్దున్నే లేచి ఆరుగురికి వండి, మిగిలింది తన డబ్బాలో సర్దుకుని, ఆ డబ్బా మూతైనా తీయకుండా సాయంత్రం ఇంటికి మోసుకొచ్చేది. మా అబ్బాయి ఒకసారి చూసి, పదవొచ్చాక ఆకలి కూడా తగ్గినట్టుందే అన్నాడు. హాస్యమాడాననుకున్నాడు. ఆమె నవ్వింది కూడా. అలాంటి నవ్వులు ఆమె దగ్గర చాలా ఉండేవి, గుమ్మానికి తగిలించిన తువ్వాళ్ళలా, ఎవరు చేతులు తుడుచుకోవడానికైనా.

మూడోనెల చివరి సోమవారం మేనేజరు కబురు చెప్పాడు. శుక్రవారం ఆపరేషన్ గది పెద్దనర్సు వస్తుంది, ఒక్కొక్కరి చేతా ఎదురుగా మడిపించి తనే లాగి చూస్తుంది, ఒక్కటి తిరగబడినా సూపర్‌వైజరు మారుతుంది. ఆమె ముందు నిలబడి మళ్ళీ మడవడం కుదరదు. రెండురోజులు ఆలోచించి, మా కోడలు బుధవారం పొద్దున పుర్రచెయ్యిని పక్కకి పిలిచి, శుక్రవారం సెలవు పెట్టుకో, పిల్లల్ని చూసుకున్నట్టూ ఉంటుంది అని ప్రేమగానే చెప్పింది.

"నాకు తెలుసక్కా," అంది పుర్రచెయ్యి. "ఒకరోజు చెంబు మర్చిపోయి వెనక్కొచ్చాను. నేను మడిచినవన్నీ నువ్వు విప్పుతున్నావు. అప్పట్నించీ నాకు ముద్ద దిగట్లేదు. ఒక్కసారి తిట్టినా బాగుండేది కదక్కా. నేర్చుకునేదాన్ని."

మా కోడలు దుప్పట్ల గుట్ట మీదే కూర్చుండిపోయింది. ఎక్కడో చూసిన బాధ అది. ఎక్కడో ఏమిటి, తన వంటింట్లోనే. కాపురానికొచ్చిన తొలిరోజు తను తోమి బోర్లించిన గిన్నెల్ని అత్తగారు, అంటే మా ఆవిడ, ఒక్కొక్కటే తీసి మళ్ళీ తోమింది. ఏం అత్తయ్యా అంటే, "నేనేమైనా అన్నానా అమ్మా?" అంది. పదకొండేళ్ళు రోజూ అంతే. మొగుడితో చెప్పుకుంటే, మా అమ్మ నిన్ను పల్లెత్తు మాట అనదు, అదృష్టవంతురాలివి అన్నాడు. ఏ గిన్నెకి ఏం తక్కువైందో తెలియక, ఒక్కో గిన్నె మూడుసార్లు తోమి, తన చేతుల్లోనే ఏదో లోపముందని నమ్మడం నేర్చుకుంది. ఇప్పుడా లోపాన్నే తీసుకెళ్ళి ఇంకొకామె చేతుల్లో పెట్టింది. దానికి జాలి అని పేరు పెట్టుకుంది.

నేర్పింది నేనేనని మొదట్లో అన్నాను. ఆ పదకొండేళ్ళూ వంటింట్లో రెండోసారి గిన్నెల చప్పుడు వినబడగానే పేపరు మడిచి ఇంకో పేజీ తిప్పాను. నేను నేర్పిన విద్యంతా అదే.

మా కోడలు లేచి పుర్రచెయ్యి ఎదురుగా నిలబడింది. "నీ తప్పు కాదు. కుడిచేతి మడత నీకు నేర్పాను, అది నా తప్పు. నా ఎదురుగా నిలబడి, అద్దంలో చూసినట్టు మడువు," అంది. తను కుడిచేత్తో, ఆమె ఎడమచేత్తో. మొదటి పది తిరగబడ్డాయి. తిరగబడిన ప్రతిసారీ మా కోడలు "తప్పు, మళ్ళీ" అంది గాని చెయ్యి మాత్రం వెయ్యలేదు. అలా ఊరుకోవడానికి చేతులు వెనక్కి కట్టుకోవలసి వచ్చింది. గురువారం మధ్యాహ్నం ఇద్దరూ ఒకే బల్ల మీద కూర్చుని తిన్నారు.

శుక్రవారం పెద్దనర్సు మూల పట్టి లాగితే పుర్రచెయ్యి దుప్పటి వరదనీళ్ళలా పరుచుకుంది. మిగతావీ అంతే. పదవి ఖాయమైంది.

ఆ సాయంత్రం మా ఆవిడ అలవాటు ప్రకారం బోర్లించిన గిన్నెల వైపు చెయ్యి చాపింది.

"అత్తయ్యా, ఏది సరిగ్గా లేదో చూపించండి. నేనే తోముతాను. ఏమీ లేకపోతే మాత్రం ముట్టుకోకండి."

మా ఆవిడ గిన్నెని అటూ ఇటూ తిప్పింది. "ఏమీ లేదే," అంది చివరికి. "మా అత్తగారూ ఇలాగే చేసేది. నేనెప్పుడూ అడగలేదు." ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని నవ్వారు. ఈ నవ్వు తువ్వాలు కాదు.

పెద్దవాళ్ళం నలుగురం ఉన్నాం, ఇకమీదట గిన్నెలు వంతులవారీగా అంది మా కోడలు. మా అబ్బాయికి దగ్గొచ్చింది. మొదటి వంతు నాదేనని నేను చటుక్కున లేచాను. గ్లాసు తోమి ఇస్తే ఆమె వెలుతురుకి పెట్టి చూసింది.

"మామయ్యా, అడుగున జిడ్డుంది. మళ్ళీ తోమండి."

తిరిగి నా చేతికే ఇచ్చింది.

ఇందులో కల్పించింది ఒక్కటే ఉంది. నేను చటుక్కున లేవలేదు. రెండోసారి పిలిచాక లేచాను.