డ్రమ్ము ఆగిన రెండు గంటలు

కొండవాలు సందుల్లోకి కాంక్రీటు లారీ ఎక్కించమంటే మిగతా డ్రైవర్లు ఏదో ఒక వంక చెప్పి తప్పించుకునేవాళ్ళు. ఒక్కడు మాత్రం కాదనేవాడు కాదు. మొదటి గేరు మార్చకుండా, ప్రతి మలుపులోనూ రెండు అద్దాలూ చూసుకుంటూ, పాకినట్టు పైకి వచ్చేవాడు. అందుకే అతనికి నత్త అని పేరు పడింది. పెట్టినవాడు బక్కోడు. పునాదులకి చువ్వలు కట్టడంలో బక్కోడికి సాటి లేదు కానీ, ఒంటి మీద కండ అన్నది మచ్చుకైనా లేదు. వాడి అక్కని అందరూ మేస్త్రమ్మ అంటారు. తండ్రి దగ్గర పని నేర్చుకుని, తండ్రి పోయాక ఆ ముఠాని తనే నడిపిస్తోంది.

ఆ రోజు పని ఒక లెక్కల మాస్టారి స్థలంలో. రోడ్డు అంచు దగ్గర మొదలయ్యే ఆ స్థలం నిలువునా కిందికి దిగిపోతుంది. రోడ్డు కింది గట్టుని మనిషిన్నర లోతు తవ్వి, దాని అడుగున అడ్డుగోడకి పునాది కాలువ తీశారు. అందులో చువ్వల పంజరం కట్టారు. ఇక పైనుంచి కాంక్రీటు దింపడమే తరువాయి. ఉదయం పదింటికే ఎండ చురుక్కుమంటోంది.

నత్త లారీని వెనక్కి తెచ్చి రోడ్డు అంచుకి నాలుగడుగుల ఇవతల ఆపాడు. కాంక్రీటు జారే రేకు కాలువకి అందలేదు.

"ఇంకో రెండడుగులు రా అన్నా," అంది మేస్త్రమ్మ.

నత్త దిగి వచ్చి అంచుని మడమతో తొక్కి చూశాడు. "ఇక్కడికి చాలమ్మా. ఈ మట్టి వాటం నాకు నచ్చట్లేదు."

"నాలుగు రోజుల నుంచి నిలబడ్డ గట్టు. నువ్వొచ్చావనే నీరసం ముంచుకొచ్చిందా దానికి?"

ముఠా అంతా నవ్వింది. కింద నుంచి బక్కోడు అరిచాడు. "మావా! నత్తకి కొమ్ములుంటాయటగా, ఏదీ, ఒక్కసారి చూపించు!"

రేకు వాల్చడానికి అడ్డంగా ఉన్నాయని మేస్త్రమ్మ అప్పటికే గట్టు కూలకుండా ఆనించిన దన్ను కర్రల్లో నడుమ నాలుగు తీయించింది. నత్త మళ్ళీ ఎక్కి, ఆమె చెయ్యి ఊపుతుంటే రెండడుగులు వెనక్కి వచ్చాడు. చక్రాల కింద రాళ్ళు పెట్టారు. అంతలో బక్కోడు, "ఉండండుండండి, ఈ మూల చువ్వ నేలకి తగుల్తోంది," అంటూ చిన్న సిమెంటు దిమ్మ ఒకటి పట్టుకుని గట్టుకీ పంజరానికీ మధ్యనున్న సందులోకి దూరాడు. ఆ సందులో పట్టేది వాడొక్కడే.

పెద్ద శబ్దమేమీ రాలేదు. తడిసిన గోనెమూట కింద పడేసినట్టు ఒక్క చప్పుడు వచ్చిందంతే. దుమ్ము అణిగాక చూస్తే బక్కోడి తల, ఒక భుజం, ఒక చెయ్యి కనిపిస్తున్నాయి. మిగతాదంతా మట్టిలో ఉంది.

"అక్కా," అన్నాడు వాడు, మామూలుగా పిలిచినట్టే. ఆ తర్వాత దగ్గాడు.

మేస్త్రమ్మ కాలవలోకి దూకింది. రెండు చేతులతో మట్టి తోడబోయి ఆగిపోయింది. పైన లారీ డ్రమ్ము గిర్రుమని తిరుగుతోంది. ఆ అదురుకి గట్టు పైనుంచి గులకరాళ్ళు జలజలా రాలుతున్నాయి. వాడి నెత్తి మీద రోడ్డు అంచు చూరులా ముందుకి పొడుచుకుని వేలాడుతోంది.

"ఇంజన్ ఆపు! అన్నా, ఇంజన్ ఆపు!"

"లారీ ముందుకి తీసేస్తానమ్మా!" నత్త ఒక్క ఉదుటున పైకెక్కి గేరు వేశాడు. ముందుకి కదలబోయే ముందు లారీ వెనక్కి బరువు వేసి ఒరిగింది. కింద కేకలు లేచాయి. ఇంకో పెళ్ళ ఊడిపడింది. నత్త బ్రేకు మీద నిలబడినంత పని చేశాడు. లారీ కదిలితే గట్టు ఆగదు. సరుకు కుమ్మరిద్దామా అంటే రేకు సరిగ్గా ఆ కాలవలోకే వాలి ఉంది.

ఇంజను ఆపితే డ్రమ్ము ఆగుతుంది. కాంక్రీటు కలిపి అప్పటికే గంట దాటింది. ఈ ఎండలో తిరగకుండా ఉంటే లోపలున్నదంతా బండరాయి అయిపోతుంది. తొమ్మిదేళ్ళుగా ఆ లారీ అతని చేతిలో ఉంది. ఫోన్ మోగింది. ప్లాంటులో సూపర్‌వైజరు. నత్త జరిగింది చెప్పాడు.

"డ్రమ్ము మాత్రం ఆపకు," అన్నాడు అవతలివాడు. "ఆపావో, ఇక ఆ బండి నీ కళ్ళ ముందే చచ్చినట్టు. పూచీ నీదే. పక్కకి తియ్యి."

"పక్కకి రాదు సార్."

"ఏదో ఒకటి చెయ్యి! ఆపకు!"

నత్త చెయ్యి తాళం మీదే ఉంది. కానీ తిప్పలేదు. ఎంతసేపు అలా ఉన్నాడో అతనికి తెలియదు. బహుశా నిమిషం కూడా అయి ఉండదు. తర్వాతెప్పుడు గుర్తొచ్చినా అతను తలవంచుకునేది ఆ నిమిషానికే. కింద బక్కోడు మళ్ళీ దగ్గడం వినిపించింది. ఈసారి దగ్గు సగంలోనే ఆగిపోయింది.

నత్త తాళం తిప్పేశాడు.

డ్రమ్ము ఇంకో అర చుట్టు తిరిగి, మూలిగి, నిలిచిపోయింది. సందంతా చెవులు గింగుర్లెత్తేంత నిశ్శబ్దం. రాళ్ళు రాలడం తగ్గింది.

లెక్కల మాస్టారు ఎదురింట్లో అద్దెకుంటారు. ఆయన చక్కెర డబ్బా ఎత్తుకుని పరుగున వచ్చారు. "చక్కెర వేస్తే కాంక్రీటు గట్టిపడదని చదివానయ్యా! వెయ్యనా?"

"నిజమే సార్. కానీ కలపాలంటే డ్రమ్ము తిరగాలి," అన్నాడు నత్త. "తిరక్కుండా మీద చల్లితే తీపి తప్ప ఇంకేం రాదు." మాస్టారు డబ్బా గుండెలకి హత్తుకుని అక్కడే చతికిలబడ్డారు. నత్త నిచ్చెన దిగి కాలవలోకి వెళ్ళాడు.

మేస్త్రమ్మ అప్పటికే సెంట్రింగ్ చెక్కలు తెప్పించింది. ఒక చెక్కని బక్కోడి తలకి వెనకగా, గట్టుకి ఆనించి నిలబెట్టాలి. దానికి ఇవతల నుంచి ఇనుప జాకీలు బిగించాలి. అవి బిగిసేదాకా ఆ చెక్కని ఎవరో ఒకరు వీపుతో ఆపాలి.

"నేనాపుతా," అన్నాడు నత్త. ముఠాలో అంత బరువున్న మనిషి లేడు. వీపు ఆనించి, కాళ్ళు పంజరానికి తన్నిపెట్టి నిలబడ్డాడు.

"మావా," అన్నాడు బక్కోడు. పెదవులు నీలంగా ఉన్నాయి. "ఊపిరి వదిల్తే... మట్టి ఇంకా బిగుసుకుంటోంది."

"అయితే తక్కువ మాట్లాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి."

వాడు నవ్వబోయి నవ్వలేకపోయాడు. ఇద్దరు కూలీలు అన్నం పళ్ళేలతో మట్టి తోడుతున్నారు. పార వెయ్యడానికి చోటు లేదు. మేస్త్రమ్మ ఒక జాకీ బిగించి, రెండోది తిప్పుతుండగా పైన చూరులా ఉన్న అంచు విరిగింది. చెక్క దభీమంది. నత్త భుజంలో ఏదో కలుక్కుమంది. మోకాళ్ళు వంగాయి గానీ పాదాలు జారలేదు. "తిప్పమ్మా," అన్నాడు పళ్ళు బిగబట్టి. "చూస్తావేంటి, తిప్పు!"

ఆమె తిప్పింది. చెక్క నిలిచింది.

గంట గడిచేసరికి బక్కోడి ఛాతీ బయటపడింది. వాడు తీసుకున్న మొదటి నిండు ఊపిరి కాలవలో అందరికీ వినిపించింది. ఇంకో అరగంటకి నడుము వచ్చింది. ఎడమ కాలు మాత్రం రాలేదు. పంజరం వంగి, రెండు చువ్వలు పిక్కని పట్టుకున్నాయి. కరెంటు కట్టరు తెస్తామన్నారెవరో. "అదురుతుంది, వద్దు," అంది మేస్త్రమ్మ. చేతిరంపం తీసుకుని ఆమే కోసింది. తమ్ముడు అంత అందంగా కట్టిన ముడుల పక్కనే కోసింది. వాడు కేక పెట్టినప్పుడల్లా ఆగింది, వాడే "కొయ్యక్కా" అన్నాక మళ్ళీ కోసింది.

ఫైర్ వాళ్ళ బండి కింది మలుపు తిరగలేక ఆగిపోయింది. వాళ్ళు స్ట్రెచరు మోసుకుంటూ నడిచి వచ్చేసరికి చివరి చువ్వ తెగింది. మోకాలి కింద ఎముక విరిగిందన్నారు. ప్రాణానికి భయం లేదు, ఆస్పత్రికి మాత్రం వెంటనే వెళ్ళాలన్నారు.

కాలవలో ఎవరూ లేరని ఒకటికి రెండుసార్లు చూసుకుని, నత్త లారీ స్టార్ట్ చేసి ముందుకి తీశాడు. వెనక చక్రం ఆనిన చోటంతా కిందికి కూలిపోయింది. సమంగా ఉన్నచోట ఆపి డ్రమ్ము మీట లాగాడు. అది ఒకసారి వణికింది. తిరగలేదు.

ప్లాంటు నుంచి సూపర్‌వైజరు మోటారు సైకిలు మీద వచ్చాడు. డ్రమ్ముని వేలితో కొట్టి చూసి, "అంత అంచుకి నిన్నెవడు వెళ్ళమన్నాడు?" అని నత్త మీదికి లేచాడు.

"నేనే వెళ్ళాను సార్."

"కాదు," అంది మేస్త్రమ్మ. ఆస్పత్రికి బయల్దేరుతున్నదల్లా వెనక్కి తిరిగి వచ్చింది. ముఖమంతా మట్టి. "వద్దన్నాడు. నవ్వి మరీ రమ్మన్నది నేను. దన్ను కర్రలు తీయించిందీ నేనే. ఏం రాసుకుంటారో నా పేరు మీద రాసుకోండి."

సూపర్‌వైజరు ఏం రాసుకున్నాడో తెలియదు. నత్తని రోడ్డు మీద నుంచి తప్పించి, యార్డులో ఆ డ్రమ్ము లోపలికి దూరి రాయి పగలగొట్టే పని అప్పగించారు. నత్త భుజానికి పట్టీ కట్టుకుని దిగాడు. పక్కనున్న చిన్న తలుపు తీసి, పడుకుని లోపలికి పాకాలి. లోపల పొయ్యిలా వేడి. మిషన్ సుత్తి మోగుతుంటే ఆ మోత పుర్రెలోకి దిగుతుంది.

మూడో రోజు మధ్యాహ్నం ఎవరో డ్రమ్ము మీద తట్టారు. చూస్తే మేస్త్రమ్మ. చేతిలో సొంత సుత్తి, ఉలి.

"వాడెలా ఉన్నాడు?"

"కాలికి కట్టు కట్టారు. నర్సులకి పేర్లు పెడుతున్నాడు." ఆమె చెంగు నడుముకి బిగించింది. "జరుగు."

"ఇది నీ పని కాదమ్మా."

"నాది కాక ఇంకెవరిది?"

ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. అతను మిషన్ సుత్తితో పగలగొడితే ఆమె ఉలితో పెళ్ళలు ఊడదీసి తలుపులోంచి బయటికి తోస్తోంది. ఒకసారి అతను తలెత్తేసరికి ఆమె ఉలి ఆగి ఉంది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. కాలవలో రెండు గంటలూ చుక్క కన్నీరు రాల్చని మనిషి, ఇక్కడ, ఈ మోతలో, ఎవరికీ వినపడదన్న ధైర్యంతో ఏడుస్తోంది.

అతని భుజం సలుపుతోంది. కాసేపు ఆపుదామనే తలెత్తాడు. తలుపు బయట యార్డు కూలీలు నలుగురు నిలబడి ఉన్నారు. నత్త మళ్ళీ తల వంచి, ఆమె చేతిలో ఉలి కదిలేదాకా సుత్తి మోగిస్తూనే ఉన్నాడు.